గింజ మీది కప్పు



పోయిన వారం మా ఊరు వెళ్ళేసరికి మా తమ్ముడు ధాన్యపు కొట్టు మీది ఇనుప రేకులు విప్పిస్తున్నాడు. మా ఊరు ఖమ్మం నుండి భద్రాచలం వైపు పోయే దారిలో, మాగాణులు సన్నగిల్లి అడవి మొదలయ్యే అంచున ఉంటుంది. తుప్పుపట్టి చిల్లులు పడిన రేకులను ఒక్కొక్కటిగా కిందికి దించుతూంటే, వాసాల కట్లలో ఇరుక్కొని నల్లబారిన తాటాకు తునకలు కొన్ని బయటపడ్డాయి. ముప్పైయేళ్ళ పైచిలుకు నాటివి. కొట్టును ఆనుకొనే ఒకప్పుడు మా వంటసాల ఉండేది. పనివాడు వాటిని చెత్తలోకి ఊడ్వబోతే నేను ఒక తునక తీసికొని వాసన చూశాను. పొగవాసన ఇంకా పోలేదు. ఈ టపా ఆ వాసన నుండి పుట్టినది.

కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉండి, తానీషా ఖజానాకు చేరవలసిన పైకంతో భద్రాద్రి గుడి కట్టించిన కథ మా ప్రాంతంలో బడి పిల్లవాడిని నిద్రలేపి అడిగినా చెబుతాడు. ఆ పైకం ఏ రైతు గింజ నుండి వచ్చిందో, ఆ రైతు తన గింజ మీద ఏమి కప్పుకొన్నాడో అడిగితే మాత్రం పంతుళ్ళమైన మేమూ తెల్లమొహం వేస్తాము. నాకీ విషయం చిన్నదిగా తోచదు. గింజ మీద సరియైన కప్పు ఉన్నవాడు ధర కోసం నాలుగు నెలలు ఆగగలడు. లేనివాడు కళ్ళంలోనే, అడిగినవాడు అడిగిన ధరకే అమ్ముకొంటాడు. మా అడవి అంచు చరిత్రలో సగం ఈ ఒక్క తేడాలో ఉన్నదని నా అభిప్రాయం.

మాటలతో మొదలుపెట్టడం నా పాత జబ్బు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పంతులుగా బ్రతికినవాడిని, క్షమించాలి. ‘నేయు’ అనే క్రియ మనకు బట్టకూ కప్పుకూ ఒక్కటే. చీర నేస్తాము, పాక నేస్తాము. తాటాకును వరుస మీద వరుసగా పరచి, నారతో పెండెలకు బిగించే పనిని చూసినవారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. రేకు వచ్చాక ఆ క్రియ జారిపోయింది. రేకులు ‘వేస్తాము’, స్లాబు ‘పోస్తాము’. ఇక కొట్టు పేర్లు చూడండి. ‘కొఠారు’ సంస్కృత కోష్ఠాగారం నుండి వచ్చినది. ‘గరిసె’ ధాన్యపు కొట్టూ అవుతుంది, కొలతా అవుతుంది. ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు లెక్కలలో దానినే ‘గార్స్’ అని వ్రాసుకొన్నారు. ఇంగ్లీషువారి ‘గోడౌను’ మలయ్ భాషలోని ‘గదొంగ్’ నుండి వచ్చిందనీ, ఆ మలయ్ మాటకు మూలం మన ‘గిడ్డంగి’, తమిళుల ‘కిడంగు’ కావచ్చుననీ 1886లో వెలువడిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు ఊహించింది. అదే నిజమైతే మనం ఓడెక్కించి పంపిన మాటే సముద్రాలు చుట్టివచ్చి, గోడౌనై, మన ఊళ్ళలో గిడ్డంగిని గెంటివేసిందన్నమాట!

ధాన్యం దాచడం రాజ్యానికి కూడా పెద్ద పనే. కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్షుడికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. ధాన్యాన్ని నేలకు ఎత్తుగా ఉంచాలనీ, బెల్లం వంటివాటిని దట్టంగా అల్లిన గడ్డి మూటలలో కట్టాలనీ, నూనెలను మట్టి పాత్రలలోనో కొయ్య పాత్రలలోనో పోయాలనీ, ఉప్పును నేలమీదనే పోయవచ్చుననీ చెప్పాడు. గోరఖ్‌పూర్ జిల్లాలోని సొహ్గౌరాలో దొరికిన మౌర్యుల కాలపు రాగిరేకు మీద రెండు కోష్ఠాగారాల ప్రస్తావన ఉంది. కరవు కాలంలో వాడుకొనడానికి ఉంచినవవి. శాసనపు అక్షరాలకు పైన స్తంభాల మీద నిలిచిన కప్పు కట్టడాల బొమ్మలు గీసి ఉన్నాయి. ఇరవైరెండు శతాబ్దాల కిందట కూడా ధాన్యాగారాన్ని బొమ్మ గీయమంటే మనిషి ముందుగా గీసింది నేల నుండి ఎత్తిన కాళ్ళు, పైన కప్పు. గోడలది తరువాతి మాట.

మా అంచుకు వద్దాం. ఇక్కడ ఒకే జిల్లాలో రెండు మూడు రకాల దాపరికాలు ఉండేవి. పడమటి దిక్కున, ఖమ్మం చుట్టూ ఉన్న మెట్ట ఊళ్ళలో, జొన్నలకు పాతరలు తవ్వేవారు. లోపల గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి మట్టితో మూసేవారు. అంటే దాని కప్పు నేలే. గాలి ఆడదు గనుక పురుగు బ్రతకదు. మనిషీ బ్రతకడు. అందుకే పాతర తెరిచిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. వెలుగుతున్న దీపాన్ని తాడుతో లోపలికి దించి, అది ఆరకుండా నిలిస్తేనే దిగేవారు. తూర్పున గోదావరి వైపు, చెమ్మ నేలలలో, వరద వచ్చే చోట, పాతర పనికిరాదు. అక్కడ గాదెలు, గుమ్ములు. వెదురు బద్దలతో అల్లి, లోపలా బయటా పేడమట్టి మెత్తి, దుంగల మీదనో రాళ్ళ మీదనో నిలబెట్టి, పైన గడ్డి టోపీ పెట్టేవారు. నేను పనిచేసిన కోయ పల్లెలలో గాదె టోపీని ఇంటి కప్పుకన్నా శ్రద్ధగా నేయడం చూశాను. ఇల్లు కారితే మనం పక్కకు జరుగుతాము, గింజ జరగలేదు గదా అని ఒక ముసలమ్మ నాకు చెప్పింది.

నడుమన ఉన్న మావంటి ఊళ్ళలో కొట్టు. నాలుగు మట్టిగోడలు, మధ్య నిట్టాడు, దానిపై వెన్నుదూలం, ఇరుప్రక్కలా వాసాలు, వాసాలకు అడ్డంగా వెదురు పెండెలు, వాటిపై తాటాకు. చూరు గోడకు రెండు మూరలు ఇవతలికి వాలి ఉండేది. ఆకు కొట్టి, బరువు పెట్టి అణచి, పండుటాకు రంగు వచ్చేదాకా ఆరబెట్టేవారు. వెదురును కృష్ణపక్షంలో నరికితే పుచ్చదని నమ్మకం. నేత పనంతా రోహిణి కార్తెలో ముగియాలి. మృగశిర ప్రవేశించేనాటికి చూరు సమంగా కోసి, కొప్పు మీద ఆఖరి ఆకు కట్టి ఉండాలి. అంత చేసినా తాటాకు ఆయుస్సు రెండు మూడేళ్ళు. బోదగడ్డి దట్టంగా వేస్తే మరికొంత.

ఈ కప్పులోని గుణం ఏమిటో నాకు ఉద్యోగంలో చేరిన తరువాతగాని తెలియలేదు. మన పుస్తకాలలో ధాన్యం జడపదార్థం. నిజానికి గింజ ప్రాణమున్నది. నెమ్మదిగా ఊపిరి తీస్తుంది, వేడినీ ఆవిరినీ వదలుతుంది. వడ్లలో తేమ 14 శాతానికి మించితే ఆ ఊపిరి జోరందుకొని బూజుకు దారితీస్తుంది. గడ్డికప్పు ఆ ఆవిరిని తన సందులగుండా బయటికి పోనిస్తుంది, కొంత తాను పీల్చుకొంటుంది. పొరల మధ్య గాలి నిలిచి ఉంటుంది గనుక పగటి ఎండా రాత్రి చలీ లోపలికి ఒక్కపెట్టున దిగవు. పైగా పొగ. కోయల ఇళ్ళలో పొయ్యి ఇంటి నడుమ, దానిపైన వెదురు అటక, అటక మీద మక్కకంకులు, సొరబుర్రలలో విత్తనాలు, ఎండిన ఇప్పపువ్వు. పొగకు వేరే గొట్టం లేదు. అటకను తడిమి, కప్పును నల్లబరచి, గడ్డిసందులనుండి మెల్లగా పోతుంది. విత్తనాన్ని పురుగు నుండీ, వెదురును పుచ్చు నుండీ కాపాడేది ఆ పొగే. బయటినుండి చూస్తే ఇల్లు తగలబడుతోందేమో అనిపిస్తుంది. కొత్తగా వెళ్ళిన రోజులలో నేనూ అలాగే భయపడి పరుగెత్తి నవ్వులపాలయ్యాను.

ఆ కాలమంతా బంగారమని నేను అనను. ఎలుకలు, పాములు, చెదలు అన్నీ గడ్డిలోనే కాపురం. ఒక్క నిప్పురవ్వ చాలు, వేసవిలో వాడకు వాడ బూడిద. తాటాకు కొట్టు తగలబడితే ఏడాది తిండీ మరుసటి యేటి విత్తనమూ ఒకే గంటలో పోతాయి. పక్క వీధిలో అట్లా పోవడం చూసిన తరువాతనే మా నాన్నగారు రేకుల మాట ఎత్తారు. ఆ సంగతి ముందు చెబుతాను.

ఈ కప్పులో ఉన్న ప్రతి వస్తువూ అడవిదే. నిట్టాడు, వాసం, పెండె, గడ్డి, కట్టే నార. కనుక అడవి ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడు లేచినా దాని దెబ్బ ముందుగా తగిలేది కప్పుకే. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతినుండి ఇంగ్లీషువారి చేతికి పోయి, కొన్నాళ్ళు మధ్యపరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. కొత్త దొరతనంతో పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని అడవులలో పోడే నిషేధమైంది. 1879లో రంప పితూరీ రేకపల్లి సీమకు ప్రాకడానికి అదొక కారణం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గోదావరికి ఇవతల పాల్వంచ సంస్థానం, నిజాం రాజ్యం. ఇక్కడ చట్టం పేరు వేరు, నడక ఒకటే. నిట్టాడుకు కోడి, ఇంటి కప్పుకు మేక అని మా పెద్దలు మామూళ్ళ లెక్క చెప్పేవారు. నిజాం ప్రభుత్వ కాలంలో ఈ కొండలలో తిరిగిన హైమండార్ఫ్ 1945లో ప్రచురించిన ‘ద రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అనే గ్రంథంలో కొండరెడ్లు కలప, వెదురు వర్తకుల అప్పులలో చిక్కుకొన్న తీరు కనిపిస్తుంది. తమ అడవి వెదురును కూలికి నరికి, తెప్పలు కట్టి, గోదావరిలో దిగువకు సాగనంపే మనుషులు వారు. తరువాత 1979లో సారపాకలో కాగితపు కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. వెదురుకు కప్పు మీద ఉన్న విలువకన్నా కాగితం గుజ్జులో విలువ ఎక్కువైంది. (ఆ కాగితం మీద ముప్పైయేళ్ళు పాఠాలు వ్రాయించిన నేను దానిని నిందించడం ఎట్లా? జరిగినది చెబుతున్నాను, అంతే.) 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా లెక్కించి, దానిపై గిరిజనుల హక్కును ఒప్పుకొన్నది. అప్పటికి పల్లెలలో కప్పు నేసేవారు అరుదైపోయారు.

కప్పు లేనివాడికి దిక్కు నాగు. ఈ తరం పిల్లలకు ఈ మాట తెలియదు. వానాకాలం తిండికీ విత్తనానికీ షావుకారు దగ్గరనో దొర దగ్గరనో వడ్లు తెచ్చుకొని, పంట రాగానే సగం అదనంగా కొలిచి ఇవ్వడం నాగు. పుట్టి తెస్తే పుట్టిన్నర. తమాషా ఏమిటంటే నాగు ఇచ్చే గింజ చాలాసార్లు పోయిన మాఘంలో ఆ రైతే కళ్ళంలో అమ్మినది. ఆ గింజకు ఆరు నెలలు నీడ ఇచ్చినందుకు దొర పుచ్చుకొన్న అద్దె అది. కోయ రైతు గాదె ఆరేడు బస్తాల మేర పట్టేది. దొర గడిలో గరిసెలు గూనపెంకుల కింద, రాతి పునాది మీద ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిజాం సర్కారు లెవీ ధాన్యం వసూలు చేసినప్పుడు చిన్న రైతు కొట్టు ఊడ్చుకుపోయింది గాని గరిసెలు నిండుగానే ఉన్నాయన్నది ఈ జిల్లా ముసలివారందరి జ్ఞాపకం. 1946-51 మధ్య సాయుధ పోరాటంలో దొరల ధాన్యం బయటికి తీసి పంచిన ఊళ్ళు అనేకం. ఆ పోరాటాన్ని భూమి కోసం అనే చెప్పుకొంటాము. భూమి మాట కన్న ముందు వెట్టి, నాగు, లెవీ అనే మాటలు ఉన్నాయి. వాటిలో రెండు గింజకు సంబంధించినవి.

పెంకు, రేకు ఎట్లా వచ్చాయో క్లుప్తంగా చెబుతాను. గూనపెంకు మన కుమ్మరిదే, పాతదే. ‘బెంగుళూరు పెంకు’ అని మనవారు పిలిచే చదునుపెంకు బాసెల్ మిషన్‌వారు 1865లో మంగుళూరులో పెట్టిన కార్ఖానా సంతానం. దానికి మన ఊళ్ళలో బెంగుళూరు పేరు ఎట్లా అంటుకొన్నదో గాని అదే నిలిచిపోయింది. ముడతల ఇనుప రేకు 1829లో లండన్‌లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు కనిపెట్టినది. ఆయన అక్కడి రేవులో పనిచేసేవాడు. దానిని మొదట కప్పినది రేవులోని సరుకు పాక మీదనే. అంటే ఆ రేకు పుట్టిందే గిడ్డంగి కోసం. సిమెంటులో రాతినార కలిపి రేకు చేసే పద్ధతిని ఆస్ట్రియా దేశస్థుడు హాట్‌షెక్ 1900 ప్రాంతంలో కనిపెట్టాడు. మన దగ్గర 1946లో హైదరాబాదులో ఏర్పడిన కంపెనీ ‘చార్మినార్’ గుర్తుతో ఆ రేకులను ఊరూరికీ చేర్చింది. ఆ రాతినార దుమ్ము ఊపిరితిత్తులకు చేటని వైద్యులు ఏనాడో చెప్పారు. అనేక దేశాలు నిషేధించాయి. ఆ పరిశ్రమలలోని కార్మికుల ఆరోగ్యరక్షణ గురించి మన సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. మా పల్లెలలో పగిలిన సిమెంటు రేకు ముక్కలతో కోళ్ళగూళ్ళు కడతారు. పిల్లలు వాటితో నేలమీద గీతలు గీసి ఆడుకొంటారు. వద్దని చెప్పి చెప్పి నా గొంతు అరిగింది.

మా కొట్టు మీదికి ఇనుప రేకు 1990 వేసవిలో వచ్చింది. నిప్పు భయం ఒకటి, ఆకు దొరకకపోవడం ఒకటి, నేసేవారి కూలి ఒకటి. పాత వాసాల మీదనే రేకులు బిగించారు. ఇక పదేళ్ళదాకా చూసుకోనక్కరలేదని నాన్నగారు మురిసిపోయారు. ఆ చలికాలం, సంక్రాంతికి నేను సెలవు మీద ఇంటికి వెళ్ళాను. తెల్లవారుజామున నాన్నగారు నన్ను లేపి కొట్టులోకి తీసుకొని వెళ్ళారు. బయట చినుకు లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. లోపల మాత్రం రేకు అడుగునుండి టపటపమని నీటిబొట్లు వడ్ల బస్తాల మీద, మినుముల బస్తాల మీద రాలుతున్నాయి. ‘కప్పు ఏడుస్తోందిరా’ అన్నారు. మబ్బులేని రాత్రి ఇనుము తన వేడినంతా ఆకాశానికి ధారపోసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. గింజ వదిలిన వెచ్చని ఆవిరి వెళ్ళి దానికి తగిలి నీరవుతుంది. గడ్డి అయితే ఆ ఆవిరిని పోనిచ్చేది. ఈ శాస్త్రం నాకు తరువాత మా బడిలోని సైన్సు మాస్టారు చెప్పారు. అప్పటికే మినుములు బూజు పట్టాయి. విత్తనానికి దాచిన వడ్లు జ్యేష్ఠంలో చల్లితే మూడోవంతు కూడా మొలవలేదు. ఆ ఏడు నాన్నగారు తన జీవితంలో మొదటిసారిగా విత్తనం కొన్నారు. కొన్న ధర ఆయనకు గుర్తులేదు గాని కొనవలసి వచ్చిందన్న మాటను చివరిదాకా మరచిపోలేదు. మరుసటి వేసవిలో రేకు మీద పలుచగా తాటాకు నేయించారు. ఊరంతా నవ్వింది, పెంకుటిల్లు మీద గొడుగు పట్టినట్లుందని. బొట్లు మాత్రం ఆగాయి. ఆయన పోయిన తరువాత ఆ ఆకును మళ్ళీ వేయించినవారు లేరు.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వానికి ఈ విషయం తెలియకపోలేదు. గోర్వాలా అధ్యక్షతన ఏర్పడిన గ్రామీణ పరపతి సర్వే సంఘం 1954లో ఇచ్చిన నివేదికలో, అప్పుతోపాటు గిడ్డంగి కూడా ఉంటే తప్ప రైతు షావుకారు చేతినుండి బయటపడడని గుర్తించింది. 1956లో చట్టం, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థ, 1965లో ఆహార సంస్థ వచ్చాయి. ఉక్కు దూలాల మీద సిమెంటు రేకులు, పైన గాలి కిటికీలు, కింద చెక్క దిమ్మెలు. కట్టడాలు మంచివే. కాని అవి రైలు దారి పక్కన, పెద్ద ఊళ్ళలో లేచాయి. చర్ల నుండో వెంకటాపురం నుండో పదిబస్తాల వడ్లతో రైతు అంత దూరం వచ్చి, రసీదు తీసికొని, ఆ రసీదును బ్యాంకులో కుదువబెట్టి, ధర వచ్చేదాకా ఆగుతాడనుకోవడం కాగితం మీద బాగుంటుంది. మార్కెట్ కమిటీ గిడ్డంగిలో సరుకు దాచి దానిపై అప్పు తీసికొనే ‘రైతుబంధు’ తనఖా పథకం ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండేది. 2018లో అదే పేరు పెట్టుబడి సాయానికి పెట్టిన తరువాత, అలాంటిది ఒకటి ఉండేదన్న సంగతే చాలామందికి తెలియకుండా పోయింది.

అడవి లోపలికి వచ్చినవి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలు. ఆపైన 1996-97లో గ్రామ ధాన్య నిధుల పథకం వచ్చింది. నాగుకు బదులు ఊరి ఉమ్మడి గింజ. తీసుకొన్నవారు పంట రాగానే తిరిగి పోయాలి. ఆలోచన చక్కనిది. అయితే బస్తాలు ఎక్కడ పెట్టాలి? నేను పనిచేసిన పల్లెలో మా బడిలోని రెండు గదులలో ఒకదాని మూలన పెట్టారు. ఆ గది కప్పు సిమెంటు రేకు, ఒకచోట బీట. వాన పడ్డప్పుడల్లా నేను పద్యం ఆపి, నాలుగో తరగతి పిల్లలతో కలిసి బస్తాలను ఈ మూలనుండి ఆ మూలకు జరిపేవాడిని. రెండో ఏడు ఆ నిధి లేదు.

కప్పు గురించి నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం 1986 ఆగస్టులో దొరికింది. ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డు పల్లె. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది; 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే మిగతాది ఊహించుకోండి. మేము గుట్ట మీదికి ఎక్కాము. మరునాడు నీరు కొంత తీయగానే ఇద్దరు కుర్రవాళ్ళు తెప్ప మీద వెళ్ళి, మునిగిన ఇళ్ళ కప్పుల మీదికి ఎక్కి, కత్తులతో గడ్డి కోసి, ఆ కంతలగుండా అటకల మీది సొరబుర్రలనూ కంకులనూ పైకి తీశారు. ఇంటిలోని వడ్లు పోయాయి, గాదెలు కొట్టుకొనిపోయాయి, విత్తనాలు దక్కాయి. తడిసిన కంకులను గుట్ట మీద రాళ్ళపై ఆరబోశారు. గడ్డికప్పును కోయవచ్చు, మళ్ళీ నేయవచ్చు. 2022 జూలై 16న నది మళ్ళీ 71.3 అడుగులు వచ్చినప్పుడు అదే పల్లెనుండి నా పాత విద్యార్థి ఫోను చేశాడు. మనుషులందరూ క్షేమం, ముందుగానే తరలించారు. ఇంటిలో బస్తాలు ఉన్నాయా అని అడిగాను. ‘రేకుల దాకా నీళ్ళొచ్చినయి సారూ, ఇగ అండ్ల ఏముంటది’ అన్నాడు. అటక లేదు. రేకు వేడికి అటక మీద ఏమీ నిలవదని ఎప్పుడో తీసివేశారు.

ఇప్పుడు మా సీమలో డబ్బు పంట మిరప. మిరపకు గడ్డికప్పు కూడా చాలదు. నాలుగు నెలలు మామూలు గదిలో ఉంటే ఎరుపు తగ్గుతుంది, రంగు తగ్గితే ధర తగ్గుతుంది. అందుకు శీతల గిడ్డంగులు. ఖమ్మం చుట్టూ అనేకం వెలిశాయి. అక్కడ కప్పు అంటే వేడిని ఆపే దట్టమైన పలకలు, రాత్రింబవళ్ళు కరెంటు, బస్తాకు అద్దె. 2017లో ధర కుప్పకూలింది. ముందటి ఏడు క్వింటాలుకు పదివేలు దాటినది మూడు నాలుగు వేలకు దిగింది. ఆగలేని రైతు మార్కెట్టులో నిలబడ్డాడు. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో కార్యాలయం ధ్వంసమైంది. తరువాత అరెస్టయిన రైతులను సంకెళ్ళతో కోర్టుకు తెచ్చిన ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. వాళ్ళు చేసినది ఒప్పని అనను. కాని ఆ ఫొటో చూసినప్పుడు నాకు మా నాన్నగారి నాగు లెక్కలే గుర్తుకు వచ్చాయి.

చివరగా మరో మాట, మళ్ళీ పంతులు బుద్ధే. మా దగ్గర టార్పాలినును ‘పట్టా’ అంటారు. భూమి కాగితాన్నీ ‘పట్టా’ అనే అంటారు. పోడు రైతు దశాబ్దాలుగా ఒక పట్టా కోసం తిరిగాడు. 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో తెలంగాణలో సుమారు 1.51 లక్షల కుటుంబాలకు 4.06 లక్షల ఎకరాల మేరకు అది దొరికింది. అందులో మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది పెద్ద వాటా. దొరకనివారూ ఉన్నారు. ఇద్దరికీ కళ్ళంలో ఉన్నది మాత్రం రెండో పట్టాయే. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం మించరాదు. కాంటా వంతు వచ్చేదాకా రోడ్డు మీద ఆరబోసి, మబ్బు పట్టగానే పరుగున వెళ్ళి నీలం పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఎండ రాగానే తీసి. రెండు వేల ఏళ్ళ కోష్ఠాగార విద్య అక్కడికి వచ్చి ఆగింది.

మా తమ్ముడిని అడిగాను, ఈసారి తాటాకు నేయిద్దామా అని. ‘నేసేవాడు ఒక్కడున్నడు అన్నయ్యా, డెబ్బై దాటినై, నిచ్చెన ఎక్కలేడు. అయినా కొట్టు దేనికి? వడ్లు కళ్ళం నుంచే ఐకేపీకి పోతున్నయి గదా’ అన్నాడు. నిజమే. కాని విత్తనాలకు ఒక మూల కావాలని తానే అన్నాడు. రంగు రేకులే వేసి, వాటి అడుగున జానెడు ఖాళీ వదిలి, వెదురు తడికలు కట్టి పేడమట్టి మెత్తాలని నిశ్చయించాము. బొట్టు పడినా తడిక పీల్చుకొంటుంది. తడికలు అల్లే ఆమెకు బజారు దాటి అవతలి పల్లెలో బయానా ఇచ్చి వచ్చాము.

నిన్న ఫోను చేశాను. రోహిణి సగం అయిపోయింది. తడికలు ఇంకా రాలేదు, ఆమెకు వెదురు దొరకలేదట. కొట్టు మీద ప్రస్తుతానికి నీలం పట్టా కప్పి ఉంచారు.